మా టీ బ్యాచ్‌ని చెదరగొట్టారు

ఒడిశాలో రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ని నేను. పదిహేడేళ్ల సర్వీసు. పార్వతీపురం వైపు నుంచొచ్చిన ఆరుగురం రోజూ పదింటికి గేటు బయట బడ్డీ దగ్గర టీ తాగేవాళ్లం. కొత్తగా వచ్చిన మేనేజరుగారికి అది ముఠాలా కనిపించింది. ఆరుగుర్నీ మూడు షిఫ్టుల్లోకి విసిరేశారు. ఇప్పుడు టీ ఫ్లాస్కులో సెక్షన్‌కే వస్తోంది.

రెండో నెల్లో నైట్ షిఫ్టులో నీళ్ల పంపు మొరాయించింది. కుర్రాళ్లు లాగ్‌బుక్కు చూసి బేరింగు మార్చారు. రెండ్రోజులకే పోయింది. మళ్లీ మార్చారు, మళ్లీ పోయింది. అప్పుడు మా పెద్దాయన్ని పిలిచారు. ఆయన స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆన్చి, పిడి చెవికి పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. "మోటారు కాలు కింద షిమ్ము చూడండ్రా" అన్నాడు. షిమ్మంటే కాలు కింద సందు పూడ్చే పల్చటి రేకు. ఎడమ కాలు బేస్ మీద పూర్తిగా ఆనదు, బోల్టు బిగిస్తే మోటారు పక్కకి లాగేస్తుంది. మా ఆరుగురికీ తెలిసిన సంగతే. ఏ రిజిస్టర్లోనూ లేదు, బడ్డీ దగ్గర చెప్పుకున్న మాట.

మేనేజర్ల ట్రైనింగుల్లో హాథార్న్ కథ చెబుతారు. షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వాళ్ల ఫ్యాక్టరీ. 1931-32లో 14 మంది పనివాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బు అన్నా వినలేదు వాళ్లు. రోజుకింతే అని గీత గీసుకున్నారు, దాటినవాడి భుజం మీద ఒక్కటిచ్చేవారు. దీన్ని చూపించి, బ్యాచ్‌లంటే పని ఎగ్గొట్టేవాళ్లంటారు. అమెరికాలో మహామాంద్యం రోజులవి. ఎక్కువ చేస్తే రేటు కోస్తారని, పక్కవాడి ఉద్యోగం పోతుందని వాళ్ల భయం. ఆ భయం గురించి కూడా చెప్పాలి కదా!

మావైపు తప్పూ చెప్తాను. కల్యాణ్‌సింగ్‌పూర్ నుంచి ఒక కాంట్రాక్టు కుర్రోడు వచ్చేవాడు. ఇంట్లో కువి, అంటే కోందుల భాష, మాట్లాడతాడు, ఒడియా వచ్చు, తెలుగు రాదు. మా నవ్వులు చూస్తూ గ్లాసు పట్టుకుని దూరంగా నిలబడేవాడు. ఒక స్టీమ్ వాల్వు గ్లాండు దగ్గర, అంటే వాల్వు కాడ చుట్టూ ఉండే బిగింపు దగ్గర, ఆవిరి కొడుతోందని మేం తెలుగులో పదిసార్లు అనుకున్నాం. వాడికి ఒక్కసారీ చెప్పలేదు. మోచెయ్యి దాకా కాలింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా తల దించుకుంటాను. నాకు ఒడియా బాగానే వచ్చు మరి.

వంద మంది, అంతకు మించి పనిచేసే చోట యాజమాన్యం, పనివాళ్లు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ పెట్టమని ప్రభుత్వం ఆదేశించవచ్చని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే పెట్టారు. మాకూ ఉంది. క్యాంటీను, యూనిఫాం మాట్లాడి సంతకాలు పెట్టి లేస్తాం. వచ్చే మీటింగులో మాత్రం లేవను. పదింటి టీ పావుగంట మాకు తిరిగివ్వమంటాను, పర్మినెంటు వాళ్లకీ కాంట్రాక్టు వాళ్లకీ ఒకే టైములో, ఒకే బడ్డీ దగ్గర. ఆ కుర్రోడికి ఇప్పటికే చెప్పాను, నా పక్కనే కూర్చోమని.