క్రిటికల్ అంటే ఆశ వదులుకోవడమేనా?

ఇంగ్లిష్ మాట ‘క్రిటికల్’ గురించి ఒక మెసేజ్ ఫోన్ల నిండా తిరుగుతోంది. డాక్టర్ క్రిటికల్ అన్నాడంటే ఇక ఆశ లేనట్టేనట. ‘క్రిటికల్, కానీ స్టేబుల్’ అన్నది మభ్యపెట్టే మాటట. అణు రియాక్టర్ క్రిటికల్ అయితే పేలబోతున్నట్టేనట. అసలు ఆ మాటకున్న ఒకే అర్థం తప్పులు పట్టడమట. చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటిది. ఆ మాట మూలం గ్రీకులో ఉంది. ‘క్రినీన్’ అంటే వేరుచేయడం, తేల్చడం. రోగం అటో ఇటో తిరిగే మలుపును అక్కడి పాత వైద్యులు ‘క్రిసిస్’ అన్నారు. అంటే ఇంకా ఏదీ తేలలేదనే. మన ‘పరిస్థితి విషమం’ దీనికి సరిగ్గా సరిపోతుంది. విషమించి కోలుకున్నవాళ్లు ఎంతమంది లేరు!

రెండోదానిలో కాస్త పస ఉంది. అమెరికా ఆస్పత్రుల సంఘం కూడా ‘స్టేబుల్’ను ఇలా కలిపి వాడొద్దనే చెప్పింది. క్రిటికల్ అంటేనే నాడి, బీపీ వంటివి కుదురుగా లేవని కదా, మళ్లీ స్టేబుల్ ఏమిటని. అయితే అది మోసం మాత్రం కాదు. ఐసీయూ తలుపు దగ్గర డాక్టర్ ఏమంటాడో గుర్తు తెచ్చుకోండి: ‘వెంటిలేటర్ తీయలేదు, బీపీ మందులతో నిలబడింది, పొద్దుటికీ ఇప్పటికీ తేడా లేదు.’ ఆ చివరి ముక్కే స్టేబుల్. ప్రమాదం తప్పిందని కాదు, పెరగలేదని. బయట టెన్షన్‌తో నిలబడ్డవాళ్లకు స్టేబుల్ ఒక్కటే వినిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

రియాక్టర్ సంగతి మరీ విడ్డూరం. ఒక పరమాణువు చీలితే వచ్చే న్యూట్రాన్లనే కణాలు సగటున మరొక్క పరమాణువును చీల్చితే ఆ గొలుసు తెగకుండా సాగుతుంది. అదే క్రిటికల్. రియాక్టర్ మామూలుగా నడవడమంటే ఇదే. షికాగోలో 1942 డిసెంబర్ 2న మొదటి రియాక్టర్ ఈ స్థితికి వచ్చింది. ఏదీ పేలలేదు.

ఇక తప్పులు పట్టడం. ఆ అర్థం ఉంది, కాదనను. అదొక్కటే అంటేనే పేచీ. ‘క్రిటికల్ ఆఫ్ ద ప్లాన్’ అంటే ఆ మనిషి ప్లాన్‌ను విమర్శిస్తున్నాడు. ‘క్రిటికల్ టు ద ప్లాన్’ అంటే అతను లేకపోతే ప్లానే లేదు. మధ్యలో ఉన్న చిన్న మాట మారిందంతే. ‘క్రిటికల్లీ ఇల్’ అంటే ఆ మనిషి ప్రాణాపాయంలో ఉన్నాడు. ‘క్రిటికల్లీ అక్లెయిమ్డ్’ అంటే ఆ సినిమాను మాత్రం విమర్శకులు తెగ మెచ్చుకున్నారు.