రెండు కిలోల పండ్లు తేవచ్చు, అయిదు గింజలు తేకూడదు!

తిరుపతిలో మా పక్కింటి పిన్నికి మిద్దె తోటంటే ప్రాణం. అమెరికాలో ఉండే కూతురు ఓ చిన్న కవర్లో పూల విత్తనాలు పంపింది. అది దారిలో ఎక్కడో ఆగిపోయి, సర్టిఫికెట్లు చూపమని కాగితం వచ్చింది. "ఏం నాయనా, నేనేమన్నా బంగారం తెప్పించినానా, పూల గింజలే కదా" అని ఆమె నన్ను అడిగింది. నిజం చెప్పాలంటే రూల్ ప్రకారం తప్పు పిన్నిదే. నా గొడవంతా ఆ రూల్‌తోనే.

విదేశీ చీడపీడలు మన పంటల్లోకి రాకుండా 1914 నాటి చట్టం కింద 2003లో ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఒకటి వచ్చింది. దిగుమతికి ముందే పర్మిట్ తీసుకోవాలి, చీడపీడలు లేవని అవతలి దేశ ప్రభుత్వం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, నాటే సరుకైతే కొన్ని నగరాల గుండానే రావాలి. మనకు దగ్గరిది చెన్నై. టన్నుల్లో తెప్పించే కంపెనీకి ఇదంతా ఒక గుమాస్తా చేసిపెట్టే పని, పిన్నికి మాత్రం జన్మలో తెమలని పని. తమాషా ఏమిటంటే అదే ఉత్తర్వులో సొంత వాడకానికి రెండు కిలోల లోపు పండ్లు, కూరగాయలు, పూలదండలు ఈ కాగితాలేవీ లేకుండా తెచ్చుకునే వెసులుబాటు ఉంది. అంటే పండు తెచ్చుకుని తిని గింజ కుండీలో ఉమ్మేస్తే అడిగేవాడు లేడు, అదే గింజను కడిగి ఆరబెట్టి, పేరు రాసి నిజాయితీగా కవర్లో పంపితే నేరం.

రూల్ ఎందుకుందో నాకు తెలుసు. విదేశాల నుంచి వచ్చి 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించిన బొప్పాయి పిండినల్లి అనే పురుగు దక్షిణాది తోటలను ఎంత ఏడిపించిందో, 2014లో మహారాష్ట్రలో బయటపడ్డ టూటా ఊజీ పురుగు టమాటా రైతును ఎంత సతాయిస్తోందో మదనపల్లె మార్కెట్ చుట్టూ బతికే వాళ్లకు ఒకరు చెప్పాలా? టమాటాకు విత్తనంతోనే వచ్చే వైరస్‌లూ ఉన్నాయి. ఒప్పుకుంటాను. కానీ ఆ పిండినల్లిని అణిచింది కూడా దిగుమతే, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన చిన్న పరాన్నజీవి కందిరీగలు. పరీక్షించి లోపలికి పంపే పద్ధతి మన వాళ్లకు చేతకాక కాదు, చిన్నవాడి కోసం చెయ్యాలన్న ఆలోచనే లేక.

క్వారంటైన్ విషయంలో అమెరికా ఎంత గట్టిదో ఎయిర్‌పోర్టులో ఊరగాయ జాడీతో దిగిన ప్రతి అత్తమ్మకూ తెలుసు. అలాంటి దేశం కూడా చిన్న మొత్తాల విత్తనాలకు వేరే దారి పెట్టింది. ఒక్కో ప్యాకెట్లో 50 గింజలు లేదా 10 గ్రాములు మించకుండా, ఒక పార్శిల్‌లో 50 ప్యాకెట్ల దాకా పంపుకోవచ్చు. పర్మిట్ ఉచితం, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అక్కర్లేదు. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం ఉండాలి, ఇన్‌స్పెక్షన్ స్టేషన్‌లో తనిఖీ జరగాలి, ఆంక్షలున్న జాతులు ఆ దారిలోకే రాకూడదు. అంతే. చెన్నైలో ఇలాంటి కౌంటర్ ఒకటి పెడితే కొంప మునుగుతుందా?

పెట్టకపోవడం వల్ల నష్టపోయేది పిన్ని ఒక్కతే కాదు. 1988 విత్తన విధానం వచ్చాక కూరగాయల, పూల విత్తనాల దిగుమతికి కంపెనీలకు తలుపులు బాగానే తెరుచుకున్నాయి. కాబట్టి తిరుపతిలో ఇంట్లో కూర్చుని ఇరవై రూపాయల ప్యాకెట్లు కట్టే చిన్న అమ్మకందారు కొత్త రకం కావాలంటే ఆ సరుకునే మూడో చేతి నుంచి కొనాలి, అది ఏ రకమో, ఏ ఏడాదిదో సరిగ్గా తెలియకుండానే. విదేశీ విత్తనం రానే వస్తోంది, ఊరూపేరూ పోగొట్టుకుని వస్తోంది.

అసలు విదేశాల దాకా ఎందుకు, మన విత్తనం సంగతే చూడండి. 1966 విత్తన చట్టం 24వ సెక్షన్ ప్రకారం, తాను పండించిన విత్తనాన్ని తన ఆవరణలోనే ఉండి, నాటుకోవడానికి కొనేవాడికి నేరుగా అమ్మితే ఆ చట్టం వర్తించదు. బాగుంది. గడప దాటితే? పెరట్లో కాసిన అనపగింజల్ని కొరియర్‌లో నెల్లూరికి అమ్మితే ఆ మినహాయింపు పోయినట్టే, 1983 విత్తనాల కంట్రోల్ ఆర్డర్ కింద డీలర్ లైసెన్సు మాట ఎత్తుతారు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ చట్టమేమో బ్రాండ్ పేరు పెట్టకుండా విత్తనాన్ని దాచుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఇచ్చింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గడప దగ్గర గీత గీశారు.

కందులకు ఎర్రమట్టి పట్టించి, పెసలను బూడిదలో కలిపి మరుసటి ఏడాదికి దాచిన ఊళ్లు మనవి. వేరుశెనగ, టమాటా, మిరప అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇవాళ వాటిని చిత్తూరు జిల్లా పంటలు కావంటే కొడతారు. చేతి నుంచి చేతికి తిరిగిన గింజలే ఇలా మన సొంతమయ్యాయి. కొత్త విత్తన చట్టం గురించి మాట్లాడేవాళ్లంతా నకిలీ విత్తనాల కంపెనీల గురించే మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. కానీ యాభై గింజల ప్యాకెట్‌నూ యాభై లారీల సరుకునూ ఒకే ఫారంలో నింపమంటే ఆ ఫారం నింపగలిగేది లారీల వాడే.

నాకు తెలిసిన ఒకామె నాటు కూరగాయల విత్తనాలు ఫోన్‌లో ఫొటోలు పెట్టి అమ్మేది. ఎవరో లైసెన్సు గురించి భయపెట్టారు, టెన్షన్‌తో కొరియర్ మానేసింది. ఇప్పుడు "ఇంటికొచ్చి తీసుకెళ్లండి" అంటోంది. మొన్న ఆదివారం రేణిగుంట నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చి గుప్పెడు పొట్ల గింజలు పట్టుకెళ్లాడు.