ఉప్పునీళ్ళలో ప్లాటినం

సినిమావాళ్ళు మా జిల్లాలకు కత్తులూ వేటకొడవళ్ళూ ధారాళంగా పంచిపెట్టారు. వాళ్ళ లెక్క ప్రకారం అనంతపురంలో ప్రతి ఇంటి చూరులోనూ ఒకటి దోపి ఉండాలి. మా ఇంట్లో వెతికితే కొబ్బరికాయ కొట్టడానికి కూడా పక్కింటి కత్తే దిక్కు. ఉన్న ఒకే ఒక్క పదునైన ఆయుధం మందం 0.1 మిల్లీమీటరు. రెండు పక్కలా అంచు ఉంటుంది, మైనం కాగితంలో చుట్టుకుని పడుకుంటుంది. ఆ గడ్డం బ్లేడు మీద మాత్రం మా ఊళ్ళో నిజంగానే రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఇప్పటివరకు రక్తం ఎవరి చెంపమీద వాళ్ళకే కారింది కాబట్టి పోలీసులు జోక్యం చేసుకోలేదు.

ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున్నే నడిచే మా గుంపులో పుట్టింది ఈ తగాదా. పదును వర్గానికి నాయకుడు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కొడుకు బెంగళూరు నుంచి జపాన్ ఫెదర్ బ్లేడ్లు తెచ్చిస్తాడు. "బ్లేడంటే తెగాల. తెగకపోతే అది బ్లేడెట్లయితాదప్పా, రేకు" అంటాడు. నునుపు వర్గాన్ని నడిపేది ఒక మాజీ బ్యాంకు మేనేజరు. ఆయనది టర్కీ డెర్బీ. "చెంపమీద వెన్నపూస జారినట్ల పోవాల. పోయినట్ల తెలీకూడదు" అనేది ఆయన సిద్ధాంతం. మధ్యలో ఒకరిద్దరు టోపాజ్‌తోనో సెవెనోక్లాక్‌తోనో కాలం గడుపుతున్నారు గానీ, వాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగరు. చవక బ్లేడు వాడేవాడికి అభిప్రాయం ఉండటం మర్యాద కాదు.

ఉగ్గాని బజ్జి దగ్గర కూడా వర్గాలు వేరువేరు బల్లలు చూసుకునేదాకా వ్యవహారం ముదిరాక, నన్ను ఏకసభ్య సంఘంగా నియమించారు. నేను తటస్థుడిని. అంటే మా ఆవిడ ఏది తెచ్చిపెడితే దానితో గీసుకునేవాణ్ణి. ఆరు రకాల బ్లేడ్లు, రెండు నెలల గడువు. అన్ని సంఘాల మాదిరే నేనూ గడువు రెండుసార్లు పొడిగించుకున్నాను.

ముందు పదును. దీన్ని కొలవడానికి లోకంలో పద్ధతి ఉంది. ఒకే రకంగా తయారుచేసిన సన్నటి పోగును బిగించి, దానిమీద అంచును నొక్కి, తెగడానికి ఎన్ని గ్రాముల ఒత్తిడి పట్టిందో చూస్తారు. కొత్త డబుల్ ఎడ్జ్ బ్లేడుకు సుమారు 50 గ్రాములు చాలు. వంటింటి కత్తికి దానికి కొన్ని రెట్లు కావాలి. ఆ యంత్రం నా దగ్గర లేదు కనుక మా ఆవిడ జాకెట్లు కుట్టే దారం, వంటింటి తూకం వాడాను. మొదటి ఫలితం 340 గ్రాములు వచ్చింది. టర్కీ, జపాన్, భారత్ మూడూ సిగ్గుపడాల్సిన అంకె అది. కాసేపటికి తూకం పళ్ళెంలో చింతపండు ఉండిపోయిందని తెలిసింది.

నునుపు అట్లా అంకెకు దొరికేది కాదు. దానికి నా దగ్గరున్న పరికరం ఒక్కటే, చెంప. ఉక్కు అంచు మీద క్రోమియమో ప్లాటినమో పల్చగా పట్టిస్తారు. ఆపైన నాన్‌స్టిక్ పెనానికి వేసే జాతి పూత ఒకటి వేస్తారు. అంటే మా వంటింట్లో దోశకూ అద్దం ముందు నాకూ చుట్టరికం ఉందన్నమాట. పూత సరిగ్గా లేకపోతే దోశ పెనానికి అంటుకుంటుంది, నా చర్మం బ్లేడుకు అంటుకుంటుంది. దోశనైతే గీకి తినొచ్చు.

రెండు వర్గాలూ చెవిన పెట్టుకోని సంగతి ఒకటుంది. పదునూ నునుపూ సవతులు కావు. పదునున్న బ్లేడు వెంట్రుకను తెగ్గోసి వెళ్ళిపోతుంది. మొద్దుబారినది దాన్ని పట్టుకుని లాగుతుంది. లాగినప్పుడు మనం ఊరుకోం, ఇంకాస్త గట్టిగా అదుముతాం. అదిమితే చర్మం ఉబికి అంచుకు ఎదురొస్తుంది. పటిక బిళ్ళ అవసరం పడేది అప్పుడే. రేజరును చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో పట్టుకుని దాని బరువుతో దాన్నే పోనిస్తే సగం గాట్లు పడవు. ఈ మాట మైదానంలో చెప్పాను. మాస్టారు కోణం తనకు నేర్పొద్దన్నాడు. ముప్పయ్యేళ్ళు కోణాలు నేర్పిన మనిషి చెంప మీద రోజుకో దూదిముక్క ఎందుకు ఉంటుందో నేను అడగలేదు. సంఘానికి మర్యాద ఉంటుంది.

సైన్సుతోనైనా రాజీ కుదురుతుందేమోనని ఇంకోటి వినిపించాను. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో తేల్చిన సంగతి. వెంట్రుక ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తన, అయినా బ్లేడు అంచును పెచ్చులూడగొడుతుంది. వెంట్రుక ఒరిగి ఒక వాలులో తగలాలి, తగిలిన చోట ఉక్కు గట్టిదనం అంతా ఒకే తీరుగా ఉండకూడదు, ఇవన్నీ కలిసొస్తే అంచు ముక్క ఎగిరిపోతుంది. మాస్టారు వెంటనే, "చూసినారా, గడ్డం ముందర ఉక్కే ఓడిపోయింటే ఇంకెంత పదును కావాల్నో!" అన్నాడు. మేనేజరు, "మెత్తనిదే గెలుస్తాదని సైన్సే చెప్తాంది కదప్పా" అన్నాడు. ఇద్దరూ నాకు కృతజ్ఞతలు చెప్పారు.

ఇక్కడ మా నాయన ప్రస్తావన తేకపోతే చరిత్రకు ద్రోహం. విల్కిన్సన్ స్వోర్డ్ వాళ్ళు 1962లో స్టెయిన్‌లెస్ బ్లేడుతో బజారును కుదిపేయకముందు బ్లేళ్ళు మామూలు కార్బన్ ఉక్కువి. తడి తగిలితే తుప్పే. మా నాయనకు అలవాటైంది ఆ కాలం బ్లేడే. ఆయన దాన్ని గాజుగ్లాసు లోపల పెట్టి వేలితో అటూ ఇటూ రుద్దేవాడు. అట్లా నెల నడిచేది. తర్వాత అది అమ్మ కుట్లు విప్పడానికి వెళ్ళేది. ఆ తర్వాత నా పెన్సిలు చెక్కడానికి వచ్చేది. జిల్లెట్ రేజరు అమ్మకానికి వచ్చిన తొలి ఏడాది, 1903లో, పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ 168 మా నాయన చేతికి చిక్కివుంటే పద్నాలుగేళ్ళు వాడుకునేవాళ్ళం, ఆ కంపెనీ అప్పుడే తలుపులు మూసుకునేది. ఇదంతా చదువుతూ నేను మీకు బ్లేడు వేస్తున్నానని అనిపిస్తే, అది సంఘం విధుల్లో భాగమే.

పక్షపాతం లేకుండా ఉండటానికి బ్లేడు పేరు నాకు తెలియకూడదనుకున్నాను. మా ఆవిడ కాగితాలు విప్పి నంబర్లు వేసి ఇచ్చేది. కానీ బ్లేడు మీదే పేరు అచ్చేసి ఉంటుంది కదా. అందుకని కళ్ళద్దాలు తీసేసి గీసుకున్నాను. పేరు కనబడలేదు. గడ్డమూ కనబడలేదు. చెవి కింద వరసగా మూడు రోజులు పడ్డ గాటును బ్లేడు ఖాతాలో వేయాలా, చూపు ఖాతాలో వేయాలా అన్నది ఇంకా పెండింగులో ఉంది.

అసలు చిక్కు మార్కుల దగ్గర వచ్చింది. మూడో నంబరుకు సోమవారం నునుపులో పదికి ఎనిమిదిన్నర వేశాను. మంగళవారం అదే బ్లేడుకు నాలుగుంపావు. బుధవారం మళ్ళీ ఎనిమిది. వాడేకొద్దీ బ్లేడు మొద్దుబారుతుందని విన్నాం గానీ, రోజు విడిచి రోజు మనసు మార్చుకుంటుందని ఎవరూ చెప్పలేదు. ఆరు నంబర్లదీ అదే వరస. నక్షత్రాలు చూశాను. ఉపవాసాలు చూశాను. రాత్రి తిన్న ఓళిగల ప్రభావమేమోనని రెండు వారాలు మానేశాను, దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

నోటుబుక్కు వంటింట్లో మర్చిపోయిన రోజు మా ఆవిడ దాన్ని గోడమీద క్యాలెండరు పక్కన పట్టుకుని చూసింది. ఆ క్యాలెండర్లో గ్యాసు వచ్చిన తేదీ, పాలు నాగా పడిన తేదీ, కొళాయి వచ్చిన రోజుకు ఎర్ర టిక్కు ఉంటాయి. "మీరు ఎనిమిది వేసినప్పుడల్లా మనకు కొళాయి వచ్చింది" అంది. అని పప్పు తాలింపు పెట్టుకుంది.

నాలుగు నెలల పరిశోధన ఆ తాలింపు చిటపటల్లో తేలిపోయింది. కొళాయి వచ్చిన రోజు తుంగభద్ర నీళ్ళు. హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ నుంచి పెన్నహోబిలం రిజర్వాయరు దాకా, అక్కడి నుంచి మా చెంబు దాకా నడిచొచ్చినవి. రానిరోజు బోరునీళ్ళు, మా భాషలో ఉప్పునీళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట, భూమిని ఎంత లోతు తవ్వితే అంత సున్నం పైకొస్తుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నురగ రాదు, విరిగిన పాలలా తెట్టు కడుతుంది. నురగ నిలవకపోతే గడ్డం తడిసి మెత్తబడదు, బ్లేడుకీ చర్మానికీ మధ్య పరుపు ఉండదు. ప్లాటినమైతేనేం, ఎండిన చెరువులో పుట్టి నడిపినట్టే.

నివేదిక సమర్పించాను. మాస్టారు జపాన్ బ్లేడుకు జపాన్ నీళ్ళే కావాలేమో కనుక్కోవాలన్నాడు. మేనేజరు ఒకడుగు ముందుకేసి, ఇరవై లీటర్ల క్యాను నీళ్ళతో గీసుకుని చూశాడట. వాళ్ళావిడ, "తాగే నీళ్ళా?" అని ఒక్కమాట అడిగిందట. ఆ క్యానుకు ఇప్పుడు వంటింట్లో తాళం ఉంది.

నాకు మాత్రం ఒక కొత్త అలవాటైంది. మైదానంలో ఎదురైనవాళ్ళ కళ్ళలోకి కాక చెంపల్లోకి చూస్తున్నాను. మొన్న పాతూరు నుంచి వచ్చే ఒకాయన నిగనిగలాడుతూ కనిపించాడు.

"ఏమప్పా, నిన్న మీకు వచ్చినట్లుందే?" అన్నాను.

ఆయన చెంప తడుముకున్నాడు. "అర్ధగంటే" అన్నాడు. "అద్దో, ఈ పక్క అయ్యేలోపల నిల్చిపోయ."