సవరణ: ఆత్మ ఫలం గురించి నిన్న పెట్టిన పోస్ట్

నిన్నటి పోస్ట్‌లో ఆత్మ ఫలాలు (పరిశుద్ధాత్మ విశ్వాసిలో పెంచే మంచి గుణాలు) తొమ్మిదని, దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో ఫలం ఇస్తాడని రాశా, అది తప్పు. అలా పంచి ఇచ్చేవి బైబిల్లో 1 కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో ఉన్న కృపావరాలు (ఆత్మ ఇచ్చే ప్రత్యేక సామర్థ్యాలు), అక్కడ 8 నుంచి 10 వచనాల్లో కూడా లెక్క తొమ్మిదే రావడంతో రెండూ కలిపేశా. ఆత్మ ఫలం గురించి చెప్పే గలతీ పత్రిక 5:22లో ఉన్నది "ఫలము", ఏకవచనం, గ్రీకు మూలంలో కూడా అంతే, పైగా 19వ వచనంలో "శరీరకార్యములు" మాత్రం బహువచనం. అంటే ప్రేమ నుంచి ఆశానిగ్రహం దాకా అన్నీ కలిపి ఒకే ఫలం, ప్రతి విశ్వాసిలోనూ మొత్తం ఎదగాల్సిందే. "నాకు దీర్ఘశాంతం ఇవ్వలేదండీ" అని కోపాన్ని కవర్ చేసుకోడానికి కుదరదు (నేను చాన్నాళ్లు చేసిన పని అదే). పాత పోస్ట్‌లో ఆ లైన్ మార్చేశా, షేర్ చేసినవాళ్లు ఇది కూడా పంపండి.