పాత పికప్ బండికి ఎనిమిది ‘రహస్యాలట’!

ఈ సందేశం మొదట బంధువుల గ్రూపులో కనిపించింది. తర్వాత కూరగాయల వ్యాపారుల గ్రూపుకు చేరింది. ఇప్పుడు గుడి కమిటీ గ్రూపులోకి కూడా వచ్చేసింది. “పాత పికప్ కొనేవారూ అమ్మేవారూ తప్పక చదవండి! షోరూముల వాళ్ళు దాచిపెట్టే 8 రహస్యాలు” అని పైన శీర్షిక, కింద చేతులు జోడించిన బొమ్మ, పది మందికి పంపమని ఆజ్ఞ. పంపినవాళ్ళలో కొందరు నిజంగానే బొలెరో పికప్పో టాటా ఏసో కొనాలని తిరుగుతున్నారు. వాళ్ళు దీన్ని నమ్మి బయానా ఇచ్చేలోపు నాలుగు మాటలు చెప్పక తప్పేట్టు లేదు.

“కొన్న ధరలోంచి ఏడాదికి 15 శాతం తీసేస్తూ పోండి, సరైన ధర వస్తుంది” అన్నది ఒకటో రహస్యం. ఈ 15 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆదాయపు పన్ను లెక్కల్లో వ్యాపారి తన వాహనంపై చూపించుకునే తరుగుదల రేటు అది. అదే బండిని కిరాయికి తిప్పే వ్యాపారమైతే ఆ రేటు 30 శాతం. ఈ రహస్యాన్ని నమ్మితే, ఒకే రోజు షోరూము నుంచి బయటికొచ్చిన రెండు బండ్లలో కిరాయికి తిరిగినదాని ధర రెండింతల వేగంతో పడిపోవాలి. పన్ను అధికారికి చూపించే కాగితం పట్టుకుని బేరానికి వెళ్తే బ్రోకరు టీ ఇప్పించి పంపిస్తాడు.

అంతకన్నా పెద్ద తప్పు “కొన్న ధర” అన్న మాటలో ఉంది. పాత బండి ధరకు హద్దు గీసేది అప్పుడెప్పుడో మీరు కట్టిన సొమ్ము కాదు, అలాంటి కొత్త బండి ఈరోజు ఎంతకు వస్తోందన్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మొత్తం కొనుగోలుదారుకు చేరితే, అంతకుముందు పన్నుతో కలిపి రూ.10 లక్షలున్న బండి దాదాపు రూ.9.22 లక్షలకు వస్తుంది. పాత ధరకు కొన్నాయన ఏడాది వాడి, ఈ సూత్రం ప్రకారం ఎనిమిదిన్నర లక్షలు అడుగుతాడు. మరో డెబ్బై రెండు వేలు వేసుకుంటే వారంటీతో కొత్త బండే వస్తుంటే ఆయన దగ్గర ఎవరు కొంటారు? ఈ సంగతి సందేశం రాసినవాడికి ఎవరైనా పంపించండి, మీ పది మందిలో అతన్ని కూడా చేర్చి.

రెండోది దీని తమ్ముడే. “ఇన్సూరెన్స్ కాగితం మీద ఉండే ఐడీవీయే ప్రభుత్వం నిర్ణయించిన ధర” అట. ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ, వయసును బట్టి పట్టిక చూసి వేసే అంకె. రెండేళ్ళు దాటి మూడేళ్ళ లోపుంటే 30 శాతం తీసేస్తారు, నాలుగు దాటి అయిదేళ్ళ లోపుంటే 50 శాతం. అయిదేళ్ళు దాటితే పట్టికే లేదు, కంపెనీ, యజమాని కలిసి ఒక అంకె అనుకుంటారు. పాల క్యాన్లు మోసిన బండైనా, తడి ఇసుక మోసిన బండైనా ఆ పట్టికకు ఒకటే. బేరమాడేవాడికి మాత్రం అవి రెండూ ఒకటి కాకూడదు.

మూడోది: “మీటరు లక్ష లోపు ఉంటే బండి కొత్తదాని కింద లెక్క. టైర్లు కొత్తవైతే ఇంకో యాభై వేలు కలపండి.” పికప్ అనేది ఆదివారం పూట గుడికి వెళ్ళొచ్చే కారు కాదు. రోజుకు వంద కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగినా ముప్పై వేలు. అయిదేళ్ళకు లక్షన్నర. అలాంటి బండి మీటరు అరవై వేలు చూపిస్తుంటే సంతోషించాల్సింది పోయి అనుమానించాలి. క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో, స్టీరింగ్ చక్రం ఎంత నునుపెక్కిందో చూడండి. కంపెనీ సర్వీసు కేంద్రంలో ఛాసిస్ నంబరు చెప్పి చివరి సర్వీసు ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో అడిగించండి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళి స్టార్ట్ చేయించండి. మీరు వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పండి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూస్తే, ఇంజను లోపల అరిగి అక్కడి నుంచి పొగ తన్నుకొస్తోందో లేదో తెలిసిపోతుంది.

అసలు కిలోమీటర్ల కన్నా ముందు అడగాల్సింది ఈ బండి ఏం మోసిందని. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపలూ రొయ్యలూ ఐసు పెట్టెల్లో మోసిన బండ్లుంటాయి. ఆ పెట్టెల నుంచి కారే ఉప్పునీరు తొట్టి అడుగునూ, దాని కింది ఛాసిస్‌నూ తింటుంది. పైన రంగు మిలమిలలాడుతూనే ఉంటుంది. కాబట్టి కిందికి దూరి చూడాలి, చొక్కా మాసినా సరే. మదనపల్లె టమాటాలతో ఘాట్లెక్కి రాత్రంతా పరిగెత్తిన బండికి ఇంజనూ క్లచ్చూ చూడాలి. గ్రానైటు, ఇటుక, ఇసుక మోసినదైతే కమాన్ పట్టీలు, అంటే బరువును ఆపే స్ప్రింగు పట్టీలు. 1.7 టన్నులు మోయాల్సిన బండి మీద మూడు టన్నులు వేసే యజమానులు మనకు కొత్త కాదు. పట్టీలు చదునుగా సాగిపోవడం, క్యాబిన్ వెనక ఛాసిస్ మీద వెల్డింగు అతుకులు, వెనక టైర్లు ఒక పక్కనే అరగడం, ఇవి కనిపిస్తే మీటరు పదివేలు చూపించినా నాకు అక్కర్లేదు. ఇక కొత్త టైర్లకు యాభై వేలు కలపడం గురించి: పాతవాటికే రీట్రెడ్ చేయించి నల్లరంగు పూసి నిలబెట్టే మార్కెట్టు ఇది. ఆ యాభై వేలు ఎవరి జేబులోకి పోతాయో చెప్పాలా?

నాలుగోది, “చెప్పిన ధరలో సగం అడిగి వెనక్కి తిరగండి, వాళ్ళే పిలుస్తారు.” పిలవరు.

అయిదోది షోరూముల గురించి. “పాత బండికి ఎక్కడ ఎక్కువ ఎక్స్‌ఛేంజ్ ధర ఇస్తే అక్కడే కొత్తది కొనండి.” చదువుకున్నవాళ్ళు కూడా పడే గొయ్యి ఇది. కొత్త బండి రూ.10 లక్షలు అనుకుందాం. ఒక షోరూము మీ పాతదానికి నాలుగున్నర లక్షలు కడుతుంది, కొత్తదాని మీద తగ్గింపు పదివేలు. ఇంకొకరు పాతదానికి 4.20 లక్షలే అంటారు, తగ్గింపు అరవై వేలు ఇస్తారు. మొదటిచోట మీరు పైన కట్టేది 5.40 లక్షలు, రెండోచోట 5.20. “నా బండికి నాలుగున్నర వచ్చింది” అని ఊళ్ళో చెప్పుకునే ముచ్చటకు ఇరవై వేలు కట్టినట్టు. పాతది ఉందని ముందే చెప్పకండి. కొత్తదాని ధర తేలాక, దాన్ని కాగితం మీద రాయించుకున్నాక, అప్పుడు పాతదాని మాట ఎత్తండి. బయట బ్రోకరు ఎంత ఇస్తాడో తెలుసుకుని వెళ్ళండి. ఎక్స్‌ఛేంజ్ బోనస్, లాయల్టీ బోనస్, పండగ బోనస్ అని ఎన్ని పేర్లు పెట్టినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నేను పైన ఎంత కట్టాలి?

ఏడోదాన్ని ముందు ముగిస్తాను. “పాత వాహనాలపై 18 శాతం జీఎస్టీ వేశారు, కాబట్టి ధర తక్కువ రాసి మిగతాది నగదు తీసుకోండి.” 2024 డిసెంబర్‌లో జీఎస్టీ మండలి ఆ రేటు నిర్ణయించిన మాట నిజం. కానీ అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న అమ్మకందారుకు, అదీ లాభం మీద మాత్రమే. డీలరు నాలుగు లక్షలకు కొని 4.40కి అమ్మితే పన్ను పడేది నలభై వేల మీద, అంటే రూ.7,200. తరుగుదల చూపించుకున్న వ్యాపారికైతే, తరుగు పోగా మిగిలిన విలువ కన్నా ఎక్కువకు అమ్మితేనే పన్ను. రిజిస్ట్రేషన్ లేని రైతు తన పికప్‌ను పొరుగు రైతుకు అమ్మితే జీఎస్టీ అసలు లేదు. లేని పన్నును తప్పించుకోవడానికి నగదు తీసుకోమంటున్నాడు ఈ మహానుభావుడు! ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషేధం. తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు.

ఇక ఆరోది. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఇదే. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: “పేరు మార్చుకోవడం డబ్బు దండగ. ఫారం 29, 30 మీద ఓపెన్ సంతకాలు తీసుకోండి చాలు. ఫైనాన్స్ ఉన్నా పర్వాలేదు, వాయిదాలు మీరే కట్టుకోండి. ఇన్సూరెన్స్ బండితో పాటే వస్తుంది.” (ఫారం 29, 30 అంటే బండిని కొన్నవాడి పేరుకు మార్చే కాగితాలు; ఓపెన్ సంతకం అంటే వివరాలు ఖాళీగా వదిలి చేసే సంతకం.) నాలుగు వాక్యాలు. ఒక కుటుంబాన్ని రోడ్డున పడేయడానికి ఇందులో ఏ ఒక్కటైనా చాలు.

అమ్మినవాడి వైపు నుంచి చూడండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని అంటే సీ బుక్కులో పేరున్నవాడు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో మొదటి యజమాని 2007లోనే బండి అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. అప్పటికీ రికార్డుల్లో మొదటి ఆయన పేరే ఉంది. పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. “నేనెప్పుడో అమ్మేశాను, ఇదిగో కాగితం” అన్న మాట నిలబడలేదు. పికప్‌ల విషయంలో భయం ప్రమాదాలతో ఆగదు. శేషాచలం అడవుల దగ్గర ఎర్రచందనం దుంగలతోనో, మన్యం దారిలో గంజాయితోనో, రాత్రిపూట రేషన్ బియ్యంతోనో పట్టుబడే వాహనాల్లో పికప్‌లు తక్కువేమీ కాదు. డ్రైవరు పారిపోయాక పోలీసులు ముందు వెతికే చిరునామా సీ బుక్కులో ఉన్నదే. ఓపెన్ సంతకం చేసి ఇచ్చిన పెద్దమనిషి ఇంటి తలుపు తెల్లవారుజామున కొడతారు.

కొన్నవాడికేం మిగులుతుందో కూడా చూడండి. ఇన్సూరెన్స్ బండితో వస్తుందన్నది సగం నిజం, అందుకే మరీ ప్రమాదం. ఇతరులకు జరిగే నష్టానికి రక్షణ బదిలీ అయినట్టే చట్టం భావిస్తుంది. మీ బండికే నష్టం జరిగినా, దొంగతనానికి గురైనా, పాలసీ వేరే పేరు మీద ఉంటే ఆ క్లెయిము నిలబడదు. అందుకే కొన్న 14 రోజుల్లో పాలసీ మార్పిడికి దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా మనిషిది, బండిది కాదు.

ఇంకొకరి అప్పు వాయిదాలు మీరు కట్టడం ఇంకా ఘోరం. ఫైనాన్సరు ఒప్పుకోకుండా ఆర్టీఏ పేరు మార్చదు. మీరు మూడేళ్ళు నిక్కచ్చిగా కట్టినా, కాగితం మీద ఆ అప్పు ఆయనదే, బండీ ఆయనదే. ఆయన ఇంకో అప్పు ఎగ్గొట్టి కేసులో పడితే మీ రసీదులు పట్టుకుని ఎవరి గడప ఎక్కుతారు? ముందు అప్పు తీర్పించి, బాకీ లేదని ఫైనాన్సరు ఇచ్చే ఫారం 35, ఎన్‌వోసీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు.

షోరూముకు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేవాళ్ళు మరీ నిశ్చింతగా ఉంటారు, “పెద్ద షోరూము కదా” అని. ఆ బండి మర్నాడే ఏదో బ్రోకరు చేతికి వెళ్తుంది, మీ సంతకాలతో సహా. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు అధికార పత్రం ఇచ్చే నిబంధన వచ్చింది. అలాంటి డీలరుకు బండి అప్పగించి ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలరుది. మీ డీలరుకు ఆ పత్రం ఉందో లేదో అడగండి. నీళ్ళు నమిలితే, పేరు మారేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచే షరతు రాయించుకోండి. ధరలో పదివేలు తక్కువైనా నేనైతే ఆ షరతునే ఎంచుకుంటాను.

చివరిది చదివి నవ్వబోయాను. “ఆషాఢంలో కొనండి, చవకగా వస్తుంది” అట. తీరా ఆలోచిస్తే ఎనిమిదింటిలో సరైనది ఇదొక్కటే! ఆషాఢంలో, పుష్యమాసంలో బండి కొనడానికి మనవాళ్ళు వెనకాడతారు. బ్రోకరు పెట్టుబడి అలాగే ఇరుక్కుని ఉంటుంది, దాని మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. దసరాకు మొహం చూడని మనిషి ఆషాఢంలో కుర్చీ వేస్తాడు. ఎఫ్‌సీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ పత్రం) గడువు దగ్గర పడిన బండైతే ఆయన తొందర ఇంకా ఎక్కువ. ఎనిమిదేళ్ళు దాటిన బండికి రెండేళ్ళకోసారి కాకుండా ఏటా ఎఫ్‌సీ చేయించాలి కాబట్టి, ఆ ఖర్చూ, బాకీ ఉన్న పన్నూ చలాన్లూ లెక్కవేసి ధరలో తగ్గించమని గట్టిగా అడగవచ్చు. అయితే ఆషాఢంలో కొని, మంచి రోజు చూసుకుని శ్రావణంలో పేరు మార్పించుకుందామని మాత్రం ఆగకండి. అమ్మినవాడు రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. ఆ గడువు బండి చేతులు మారిన రోజు నుంచే మొదలవుతుంది, వర్జ్యం ఉన్నా లేకపోయినా.