అరుపే మా బ్రెయిలు

మా కోనసీమలో వినపడనోళ్ళతో మాట్లాడ్డానికి ఒకటే పద్ధతండి, అరవటం. ఎవరూ నేర్పక్కర్లేదు, కాలవ ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదున్నోణ్ణి తరాల తరబడి పిలిచి పిలిచి సంపాదించుకున్న విద్య. పాపం లూయీ బ్రెయిల్ గారికి మా సంగతి తెలీదు, 1824లో 15 ఏళ్ళ కుర్రాడు ఆరంటే ఆరు చుక్కలతో, కళ్ళు కనపడనోళ్ళు వేలితో తడిమి చదువుకునే ఓ లిపి కట్టాడు, 1951లో మనోళ్ళు దాన్నే మన భాషలన్నిటికీ సర్ది భారతి బ్రెయిల్ అన్నారు. అంత శ్రమెందుకండీ, గట్టిగా అరిస్తే పోయేదిగా.

నవ్వకండి, కళ్ళు కనపడనోళ్ళకి కూడా మా వైద్యం ఇదే. మొన్న రావులపాలెం సెంటర్లో తెల్లకర్ర పట్టుకున్న ఒకాయన బస్టాండు ఎటు బాబూ అనడిగితే మావాడు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "అదిగోండీ, ఆ కనపడే ఫ్లెక్సీ పక్కనే!" అని అరిచాడు. "కనపడితే నిన్నెందుకడుగుతానయ్యా, చెవులు బానే ఉన్నాయి, మెల్లిగా చెప్పు" అన్నాడాయన. సాయం చేస్తే మాటంటారా అని మావాడు ఇప్పటికీ ఫీలవుతున్నాడు.

ఇహ మా మావయ్య గారి చెవి మిషను. అది బీరువాలో నల్లపూసల పక్కనుంటది, పెళ్ళిళ్ళకే బయటికొస్తది. ఆ బిళ్ళ బ్యాటరీలకి స్టిక్కరుంటది చూశారూ, అది పీకితే గాలి తగిలి పని మొదలెడతాయి, ఇక వాడినా వాడకపోయినా అయిపోతానే ఉంటాయి. మా అత్తయ్య, రెడీగా ఉంటాయి కదాని, ఆరింటికీ ఒకేసారి పీకేసి డబ్బాలో సర్దింది. ఉన్న ఒక్క మంచి బ్యాటరీతో మావయ్య పెళ్ళికెళ్తే అక్కడ డీజే, ఆ మిషను పంతులుగారి మంత్రాన్నీ డీజేనీ ఒకే ప్రేమతో పెంచి చెవిలో పోసేసరికి ఆయన తీసి జేబులో పడేసి హాయిగా భోంచేశాడు.

కాకినాడలో చెవి పరీక్ష చేసిన అమ్మాయి చెప్పనే చెప్పింది, వయసు మీదపడితే ముందు పోయేది స, త లాంటి సన్న శబ్దాలండీ, అరిస్తే అచ్చులు సాగుతాయి గానీ హల్లులు తేలవు, ఎదురుగా కూచుని మొహం కనపడేలా నిదానంగా మాట్లాడండి అని. నిజమే, చారు పొయ్యనా అంటే ఏ సారొచ్చాడే అంటాడు మావయ్య. కానీ నిదానంగా మాట్లాడ్డం మా ఇంటా వంటా లేదు కదండీ, "చారూఊఊ" అని వీధి మొత్తానికీ వడ్డిస్తాం.

ఈ విద్యకి సర్కారీ గుర్తింపు కూడా ఉందని మొన్న, వైకల్యం ఎంత శాతమో తేల్చి కాయితం ఇచ్చే సదరం క్యాంపులో తెలిసింది. 40 శాతం పోయిందని కాయితం ఇస్తే గానీ పించను రాదు, అందుకని పొద్దున్నే తీసుకెళ్ళి బల్ల మీద కూచోబెట్టి, నేను జిరాక్సు తీయించుకొచ్చేసరికి మావయ్య పేరెదురుగా ఆబ్సెంటు. మనిషి అక్కడే ఉన్నాడు, తలుపుకి మూడడుగుల్లో. బోర్డూ లేదు, టోకెనూ లేదు, గుమ్మంలోంచి పేర్లు పిలుస్తన్నారు. ఇదేంటి బాబూ, వినపడకే కదా ఇక్కడికొచ్చింది అన్నాను.

"అందుకే కదండీ మూడోసారి గట్టిగా పిలిచాను, ఆయ్" అన్నాడు.