ఏ పండ్ల మీటింగు?

తెలుగు భాష మా వృత్తికి చేసినంత అన్యాయం ఇంకే వృత్తికీ చేయలేదు. నోట్లో ఉన్నది ఒక్కటైతే పన్ను. ఆ మాట వినగానే జనానికి మున్సిపాలిటీ గుర్తొస్తుంది. రెండోది కలిస్తే పండ్లు. వెంటనే తోపుడుబండి మీద జామకాయలు కళ్ళముందు కదులుతాయి. బీడీఎస్ ఐదేళ్ళు చదివి, ఎండీఎస్ రెండో ఏడాదిలో ఉన్న నేను నల్లగొండలో మా వాడకట్టుకు ‘పండ్ల డాక్టరమ్మ’ను. అందులో నష్టమేమీ లేదనే అనుకునేదాన్ని, పోయిన జనవరిలో పాలమూరు వెళ్ళేదాకా.

పాలమూరులో పీజీల కాన్ఫరెన్స్. బయటివాళ్ళకు ఇదేదో పిక్నిక్ లాగా కనిపిస్తుంది గానీ పీజీకి అది పెళ్ళికి తక్కువ, పరీక్షకు ఎక్కువ. పోస్టరో పేపరో చదవకపోతే లాగ్‌బుక్ ఖాళీగా వెక్కిరిస్తుంది. మన కాలేజీలో మన కేసులే చూసి మనమే గొప్ప అనుకుంటూ ఉంటాం, పక్క కాలేజీ వాళ్ళ ఫొటోలు చూస్తే ఆ గాలి దిగిపోతుంది. పైగా ఈరోజు మన పోస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జడ్జి, రేపు ఫైనల్ పరీక్షకు ఎక్స్‌టర్నల్‌గా రావచ్చు. అందుకే అక్కడ అందరూ అందరికీ నమస్తే పెడుతుంటారు. క్యాటరింగ్ ఆయనకు కూడా.

నాది పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ. ఎండీఎస్‌లో తొమ్మిది విభాగాలుంటే, చుట్టాలకు వివరించడం చేతగానిది ఇదొక్కటే. పోస్టరు ఫ్లోరోసిస్ మీద, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లకు మచ్చలు పడే జబ్బు మీద. నల్లగొండ పిల్ల ఇంకేం వేస్తుంది? నలభై మంది పండ్లు చూసి, డీన్ అనే డెంటిస్టు 1934లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం లెక్క గట్టి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్గొండ టెక్నిక్’ బొమ్మ కూడా పెట్టాను. మధ్యలో మా నానమ్మ పండ్ల ఫొటో, అడుగు వెడల్పున. నానమ్మది మర్రిగూడ దిక్కు. చిన్నప్పటి బావి నీళ్ళ గుర్తు ఇప్పటికీ గోధుమరంగు చారలుగా ఉంది. ‘‘నేనేమో యాడికి పోకపోతి, నా పండ్లేమో బస్సెక్కి పోవట్టె’’ అని మురిసిపోయింది.

మా నాన్న ఊరుకోలేదు. పాలమూరులో తెలిసిన ఆటో ఆయనకు ముందురోజే ఫోన్ చేశాడు. ‘‘మా బిడ్డ పండ్ల డాక్టరు. రేపాడ పండ్ల మీటింగున్నదట. జర దగ్గరుండి దింపు.’’

పొద్దున్నే నల్లగొండలో బస్సెక్కి కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల దాటేసరికి ఒళ్ళో ఉన్న పోస్టరు గొట్టం నాకు బిడ్డలాగే అయిపోయింది. దిగగానే ఆటో ఆయన ఎదురొచ్చాడు. ‘‘అంతా తెల్సుకున్నమ్మా, మా బావమరిది గూడ ఆడికే పోయిండు’’ అన్నాడు. డెంటిస్టు బావమరిది ఉన్న ఆటో అన్నంటే గౌరవం కలిగింది.

ఫంక్షన్ హాలు ముందు బ్యానర్ గాలికి సగం మడతపడి ఉంది. ‘...పండ్ల... సదస్సుకు స్వాగతం’ అన్నంతవరకే కనిపించింది. మొత్తానికి మావాళ్ళు తెలుగులో బ్యానర్ వేశారని పొంగిపోయాను. తలుపు దగ్గర ఒక కుర్రాడు రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు.

‘‘ఏ రకం మేడం?’’

‘‘ఫ్లోరోసిస్.’’

పెన్ను ఒక్క క్షణం ఆగింది. ‘‘కొత్త రకమా? ఎన్నున్నయి?’’

‘‘నలభై.’’

రాసుకుని నోట్‌బుక్, పెన్ను, ఒక అంటు మొక్క చేతిలో పెట్టాడు. మామూలుగా మా దగ్గర కిట్ బ్యాగులో టూత్‌పేస్టు ఇస్తారు. ఈసారి పర్యావరణం మీద శ్రద్ధ పెట్టారనుకున్నాను.

లోపల ధోవతులు, రుమాళ్ళు కట్టుకున్న పెద్దమనుషులు ఎక్కువగా ఉన్నారు. ఫ్రీ క్యాంపు కూడా పెట్టినట్టున్నారు, పేషెంట్లు అనుకున్నాను. వేదిక మీద ఒకాయన మైకు పట్టుకుని చెబుతున్నాడు: ‘‘వేరు కుళ్ళిందంటే పైపైన ఎన్ని మందులు కొట్టినా లాభం లేదు.’’

రూట్ కెనాల్ గురించి ఇంత తేలిగ్గా మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ‘‘చిగుళ్ళు ఎర్రగా వస్తుంటే భయపడకండి, అది ఆరోగ్యమే’’ అన్నప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. ఎర్రటి చిగుళ్ళు ఆరోగ్యమా? చిగుళ్ళ జబ్బులు చూసే పీరియో వాళ్ళు వింటే కొట్టరూ? ఏదో కొత్త పరిశోధన వచ్చి ఉంటుంది, నేనే వెనకబడ్డానని తల ఊపాను. ఆ తర్వాత తేనెమంచు పురుగు వచ్చింది. అప్పుడూ లేవలేదు, నోట్లో కోట్ల కొద్దీ క్రిములుంటాయి, అందులో ఒకటేమో. చివరికి ‘‘ఎకరానికి’’ అన్నాడు. ఏ నోరైనా ఎకరం ఉండదు కదా.

గొట్టం కోసం చెయ్యి చాపితే కుర్చీ పక్కన లేదు. రిజిస్టరు కుర్రాడు అప్పటికే దాన్ని తీసుకెళ్ళి ‘‘మేడం చార్టు తెచ్చిన్రు’’ అంటూ బోర్డు మీద పిన్నులు గుచ్చుతున్నాడు. హాలంతా నిశ్శబ్దం. మామిడి, సీతాఫలం బొమ్మల మధ్య మా నానమ్మ పండ్లు.

ముందు వరుసలో తాత ఒకాయన కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికొచ్చాడు. ‘‘ఇది ఏం కాయ బిడ్డా? మచ్చ తెగులు బాగ తగిలింది.’’

‘‘కాయ గాదే’’ అని వెనక నుంచి ఇంకొకాయన లేచాడు. ‘‘మా అక్కను మర్రిగూడ దిక్కిచ్చినం. ఆమె పండ్లు గిట్లనే ఉండె.’’

అంతే, మామిడిని అందరూ మరిచిపోయారు. తోమితే పోతదా? బొగ్గుతో తోమితే? పిల్లలకు అంటుకుంటదా? మైకు నా చేతికొచ్చింది. అంటుకోదని, తోమినా పోదని చెప్పాను. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని, చిన్నతనంలో పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఈ దెబ్బ తగులుతుందని, బయటికొచ్చేసరికి మచ్చ దానితోనే వస్తుందని చెప్పాను. నా ఇంగ్లీషు పోస్టరులో దీనికి ఏడు లైన్లు పట్టింది. తాత రుమాలు భుజం మీద వేసుకుంటూ, ‘‘పూత మీదనే తెగులు తగిలిందన్నట్టు. ఇగ కాయకు ఏం కొడితే ఏం లాభం’’ అన్నాడు.

చప్పట్లు ఆయనకే కొట్టారు. నేను కూడా కొట్టాను.

అసలు కాన్ఫరెన్స్ ఊరికి అవతలి కొసన. చేరేసరికి పన్నెండున్నర, నా టైము పదకొండున్నర. సూట్లు, లేజర్ పాయింటర్లు, ఇంప్లాంట్ల స్టాళ్ళ మధ్యలోంచి ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో మామిడి అంటుతో పరిగెత్తాను. నానమ్మ పండ్ల మీద పిన్ను గుచ్చిన చిల్లులు అలాగే ఉన్నాయి. పెద్ద జడ్జి సార్ మొదట మొక్కను చూశారు, తర్వాత నన్ను.

‘‘స్టాటిస్టిక్స్ తర్వాత. పేషెంటుకు ఇదంతా తెలుగులో ఒక్క ముక్కలో ఎలా చెబుతావమ్మా?’’

నా ముందున్న పిల్ల ఇదే ప్రశ్నకు ‘‘ఎనామెల్ హైపోమినరలైజేషన్ అండీ’’ అని తెలుగులో చెప్పి తిట్లు తిన్నదట.

‘‘పూత మీదనే తెగులు తగిలినట్టు సార్’’ అన్నాను.

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఎవరన్నారని అడిగారు, చెప్పాను. ఎలా కలిశారని అడిగారు, అదీ చెప్పాల్సొచ్చింది. భోజనాల వేళకు హాలంతా తెలిసిపోయింది. బిర్యానీ లైన్లో ముక్కూమొహం తెలియని సీనియర్లు వచ్చి ‘‘ఆ మామిడి పిల్లవి నువ్వేనా’’ అని పలకరించి, థీసిస్‌కు ఏం కావాలన్నా ఫోన్ చెయ్యమని నంబర్లిచ్చారు. మామూలు రోజున అయితే వాళ్ళతో మాట కలపడానికి నాకు మూడు కాన్ఫరెన్సులు పట్టేది. ప్రైజు మాత్రం రాలేదు. లేటుకు మార్కులు కోశారట.

సోమవారం లాగ్‌బుక్ తీసుకుని మా గైడ్ మేడం గదికి వెళ్ళాను. సర్టిఫికెట్ చూశారు. దాని వెనకాల పొరపాటున వచ్చిన రెండో సర్టిఫికెట్, ‘పండ్లతోటల రైతుల అవగాహన సదస్సు’, అది కూడా ఆసాంతం చదివారు. నాకు చెమటలు పట్టాయి.

తలుపు దగ్గరగా వేసి రమ్మన్నారు. వచ్చాను.

‘‘మా ఇంటి వెనక బంగినపల్లి ఉంది’’ అన్నారు గొంతు తగ్గించి. ‘‘పూత అంతా రాలిపోతోంది. ఏం కొట్టాలో చెప్పారా?’’